యంత్రం వచ్చింది, నడిపే విద్య రాలేదు



కవుల పేరిట, దేశనాయకుల పేరిట, దాతల పేరిట స్మారకోపన్యాసాలు జరగడం మనకు అలవాటే. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలను నడిపి కీర్తిశేషులైన ప్రధానోపాధ్యాయుడి పేరిట ఆయన విద్యార్థులు ఏటా ఒక సభ ఏర్పాటు చేసుకోవడం మాత్రం అరుదు. మాస్టారి వ్యక్తిత్వాన్ని గురించి చెప్పగలిగినవారు ఆయన దగ్గర చదువుకున్న మీరే. నేను ఆయన కూర్చున్న కుర్చీ గురించి మాట్లాడతాను. బడిలోకి ఒక కొత్త యంత్రం వచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్నవారు ఏం చేయాలి, అది చేయడం ఎక్కడ నేర్చుకోవాలి అన్నదే ఈ సాయంత్రం నేను ఎంచుకున్న విషయం.

నా ప్రతిపాదన ముందుగానే మనవి చేస్తాను. రేడియో మొదలుకొని ట్యాబు దాకా మన బడులకు సాధనాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని పాఠంలో కలిశాయి, ఎక్కువ భాగం బీరువాలో చేరాయి. ఈ తేడాకు కారణం సాధనం నాణ్యతలో కొంతే దొరుకుతుంది. అసలు కారణం, దాన్ని పాఠంతో కలిపే పనికి బడి లోపల ఒక పెద్దదిక్కు ఉందా లేదా అన్నదానిలో ఉంది. ఆ పెద్దరికం పుట్టుకతో వచ్చే గుణం కాదు, ప్రమోషన్ ఉత్తర్వుతో వచ్చేదీ కాదు. అది నేర్చుకోవలసిన విద్య. యాభై ఏళ్లుగా యంత్రాలకు డబ్బు పెట్టాం గాని, ఆ విద్యకు తగినంత పెట్టలేదు.

చరిత్రలోకి కొంచెం దూరం వెళ్లడం అవసరం. 1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన నివేదికల్లో 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ పంపినది విశిష్టమైనది. 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించిన మనిషి కనుక తెలుగు, కన్నడ వీధిబడుల లోపల ఏం జరుగుతోందో ఆయన చూడగలిగాడు. పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతాడు. తరువాత పలకమీదకో కడితంమీదకో వస్తాడు. కడితమంటే గంజి పెట్టి బిరుసు చేసిన బట్టకు బొగ్గు, జిగురు పూసి పుస్తకంలా మడిచినది. తెల్లని బలపంతో రాసి తుడిచేయవచ్చు. చేయి కుదిరాక తాటాకు, గంటం. ఆ పైన కాగితం, కలం. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటు ఈ సాధనాలతో కలిసే నడిచేది. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పే ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం న్యాయమేనని క్యాంబెల్ అభిప్రాయపడ్డాడు. ఆ అనుకరణ అప్పటికే జరిగింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో ఆ పద్ధతి పెట్టి, 1797లో లండనులో దాన్ని ప్రచురించాడు. అది మద్రాసు పద్ధతి పేరుతో బ్రిటన్ అంతటా పాకింది.

వీధిబడిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అర్థం తెలియని పద్యాలను వల్లె వేయించడాన్ని అదే నివేదిక తప్పుపట్టింది. బళ్లారి జిల్లాలోని 533 బడుల్లో చదివే 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. అయినా ఒక విషయం గమనించాలి. ఇసుక నుంచి కడితానికి, కడితం నుంచి ఆకుకు పిల్లవాణ్ణి ఎప్పుడు మార్చాలో పంతులుకు తెలుసు. ఏ సాధనం దేనికి పనికొస్తుందో, ఎంత మేరకు పనికొస్తుందో నిర్ణయించే అధికారం ఆయన చేతిలో ఉంది. కొత్త సాధనం వస్తే తన క్రమంలో దానికి చోటు వెతకగలడు, అక్కర్లేదని పక్కనా పెట్టగలడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ అధికారం చేజారింది. పాఠ్యపుస్తకం, తనిఖీ, పరీక్ష అన్నీ పైనుంచి రావడం మొదలయ్యాక సాధనం కూడా పైనుంచే వచ్చింది. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం వెలిశాక బడుల్లో రేడియో వినిపించింది. ప్రసార సమయానికి బడి గంట కుదరాలి గాని, బడి గంటకు ప్రసారం కుదరదు. ఆనాటి నుంచి సాధనం వేళకు బడి సర్దుకోవలసి వచ్చింది.

ఈ కథలో అన్నిటికంటే పెద్ద ఘట్టం సైట్ ప్రయోగం. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చేర్చాలన్న కల విక్రమ్ సారాభాయ్‌ది. నాసాతో ఒప్పందం 1969లో కుదిరింది. 1971 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు అందించింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులోనే తయారయ్యాయి. నిత్యం పొద్దున బడి పిల్లల కోసం ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు కేటాయించారు. కరెంటు సరిగా లేని ఊళ్లో, తీగ వల చుట్టిన గొడుగులాంటి యాంటెన్నా కింద కూర్చుని, అంతకుముందు సినిమా కూడా చూడని పిల్లలు తెరమీద పాఠం చూశారు. ప్రపంచంలో అంతవరకు అంత పెద్ద ఎత్తున ఇలాంటిది ఎవరూ చేయలేదు.

సైట్ గురించి మాట్లాడేవారు తరచుగా ఉపగ్రహం దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో దాని విలువైన భాగం వేరే ఉంది. సెలవుల్లో రెండు విడతలుగా, పన్నెండేసి రోజులు, సుమారు యాభై వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణలో టెలివిజన్ ఒక అంశం మాత్రమే. రేడియో ఉంది, అచ్చు వేసిన మార్గదర్శిని ఉంది, చేత్తో చేసి చూడవలసిన ప్రయోగాలున్నాయి. అన్నిటినీ మించి ప్రతి కేంద్రంలో చర్చను నడిపించే ఒక ఉపాధ్యాయుడున్నాడు. తెరమీద చూసినదాన్ని మా బడిలో దొరికే సామానుతో ఎలా చేస్తాం అని అడిగే మనిషి అతడు. ఏడాది తిరగగానే ఉపగ్రహం మన ఆకాశం నుంచి తరలిపోయింది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది, టెలివిజన్ నిలిచింది. ఆ కేంద్రాల్లో చర్చలు నడిపిన ఉపాధ్యాయుల అనుభవాన్ని పోగుచేసి, వారి నుంచి రేపటి ప్రధానోపాధ్యాయులను తయారు చేయాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. పోగొట్టుకున్న అవకాశాల్లో దీన్ని మొదటిదిగా నేను లెక్కిస్తాను.

1986 జాతీయ విద్యావిధానం తరువాత ఏడాదికే ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, అవసరమైన బోధనసామగ్రి ఇవ్వాలన్న సత్సంకల్పం దానిది. గణితపు పెట్టె, విజ్ఞానశాస్త్ర పెట్టె, పటాలు, గ్లోబు బడికి చేరాయి. చేరిన వస్తువు స్టాక్ రిజిస్టరులో ఎక్కింది. ఎక్కిన మరుక్షణం అది బోధనసామగ్రిగా కంటే ప్రభుత్వ ఆస్తిగా ప్రధానోపాధ్యాయుడి మెడకు చుట్టుకుంది. గాజునాళిక పగిలితే ఎవరు కట్టాలి? చార్జి అప్పగించేటప్పుడు లెక్క తగ్గితే? ఆడిట్ అభ్యంతరం వస్తే? ఈ ప్రశ్నలకు భద్రమైన సమాధానం ఒక్కటే, తాళం. సీలు విప్పని పెట్టెలు ఎన్నో బడుల్లో ఏళ్లపాటు మెరుస్తూ ఉండిపోయాయి. అందుకు ప్రధానోపాధ్యాయులను నిందించడం అన్యాయం. వస్తువు చెక్కుచెదరకపోతే మెచ్చుకుని, వాడి అరగదీస్తే సంజాయిషీ అడిగే వ్యవస్థలో తాళం వేసినవాడే బుద్ధిమంతుడు.

కంప్యూటరు వచ్చేసరికి ఆ భయం ఇంకా పెరిగింది. 1984లో క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రో యంత్రాలు మొదటగా 250 పాఠశాలలకు వచ్చాయి. ఒక్కో బడి నుంచి కొద్దిమందికి శిక్షణ ఇచ్చారు. వారికి బదిలీ అయితే విద్య కూడా వారితోనే బదిలీ అయింది. 2004లో ఐసీటీ పథకం వచ్చాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలాది ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు గదులు అమరాయి. వాటికి ఎన్నుకున్నది బూట్ పద్ధతి. ప్రైవేటు సంస్థ యంత్రాలు పెట్టి, తన బోధకుణ్ణి నియమించి, కొన్నేళ్లు నడిపి, గడువు తీరాక బడికి అప్పగిస్తుంది. లెక్కల ప్రకారం ఇది తెలివైన ఏర్పాటే. బడిలో కంప్యూటరు పాడైతే బాగుచేసే పూచీ సంస్థది. బడి లోపలి పరిణామం మాత్రం మరొకటి. వారానికి నిర్ణయించిన పిరియడ్లు కాంట్రాక్టు బోధకుడివి. లెక్కల టీచరుకు, సైన్సు టీచరుకు ఆ గదితో పని లేదు. ప్రధానోపాధ్యాయుడి పని నెలనెలా హాజరు ధ్రువీకరించి సంతకం చేయడం. గడువు ముగిశాక చాలీచాలని జీతంతో పనిచేసిన బోధకుడు రోడ్డున పడ్డాడు, బడి చేతికి వయసు మీరిన యంత్రాలు వచ్చాయి. ఆ కొన్నేళ్ల కాలంలో యంత్రం బడిలో ఉంది, బడి యంత్రానికి బయటే ఉంది.

ఇక్కడ మన దగ్గరే జరిగిన ఒక భిన్నమైన ప్రయత్నాన్ని తలుచుకోవాలి. ఈ సభలో ముప్పై ఏళ్లకు పైబడి సర్వీసున్న ఉపాధ్యాయులకు ఆపెప్ అన్న మాట వినగానే ముఖం వికసిస్తుంది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984 ప్రాంతంలో 328 పాఠశాలల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి 1996 వరకు రాష్ట్రంలోని 23 జిల్లాలకు విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అది. దానిలో కంప్యూటరు లేదు, టెలివిజన్ లేదు. ఆరు సూత్రాలున్నాయి. ఉపాధ్యాయుడే కృత్యాలు తయారు చేసుకోవడం, పిల్లలు చేసి తెలుసుకోవడం, ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పరిసరాలనే వనరుగా వాడుకోవడం, పిల్లల పనిని గోడలమీద ప్రదర్శించడం. వీటికి ప్రాణం పోసినవి ఉపాధ్యాయ కేంద్రాలు. కొన్ని బడుల ఉపాధ్యాయులు నియమిత దినాన ఒకచోట చేరేవారు. ఒకరు పాఠం చెప్పి చూపేవారు, తక్కినవారు చూసి మాట్లాడేవారు. చింతగింజలు, అగ్గిపుల్లలు, పాత క్యాలెండరు కాగితాలు అక్కడ గణితసామగ్రి అయ్యాయి.

ఆపెప్‌కు లోపాలున్నాయి. ఊరూరా ఒకే తీరున గోడలకు కాగితాలు కట్టడమే పథకమనుకున్నచోట్లు ఉన్నాయి. పిల్లలు నిజంగా ఎంత నేర్చారన్నదానిపై విమర్శలూ వచ్చాయి. అయితే ఇన్ని పథకాలలో ఉపాధ్యాయులు నాది అనుకున్న పథకం అదొక్కటే. కారణం స్పష్టం. సాధనాన్ని తయారు చేసినవారు, వాడినవారు, బాగోగులు చర్చించినవారు ఒక్కరే. వారి మధ్య నుంచి సహజంగా కొందరు పెద్దలు తయారయ్యారు. తరువాతి కాలంలో రిసోర్సు పర్సన్లుగా, పాఠ్యపుస్తక రచయితలుగా ఎదిగినవారిలో అనేకులకు తొలి బడి ఆ కేంద్రాలే. 1964–66 నాటి కొఠారి కమిషన్ ప్రతిపాదించిన, చుట్టుపక్కల బడులను ఒక జట్టుగా కలిపే స్కూల్ కాంప్లెక్స్ భావనకు మన నేలమీద ఊపిరి పోసిందీ ఆ సమావేశాలే. ఇవాళ కాంప్లెక్స్ సమావేశమంటే ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. పైనుంచి వచ్చిన సర్క్యులర్లు చదివి, హాజరుపట్టీలో సంతకం పెట్టి, టీ తాగి ఇంటికి వెళ్లే దినంగా అది చాలాచోట్ల మిగిలింది.

దక్షిణాదిలోనే ఉన్న కేరళ ఈ పాఠాన్ని మనకంటే ముందే గ్రహించింది. 2001లో ఐటీ@స్కూల్ పథకం మొదలైనప్పుడు వారి ముందూ మన ముందున్న దారులే ఉన్నాయి. వారు బయటి బోధకుణ్ణి తేలేదు. బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుల నుంచే మాస్టర్ ట్రైనర్లను ఎంచారు, ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుణ్ణి ఐటీ సమన్వయకర్తగా పెట్టారు. ఏ సాఫ్ట్‌వేరు వాడాలన్న చర్చ తరగతి గది దాకా, ఉపాధ్యాయ సంఘాల దాకా పాకి, చివరికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వైపు మొగ్గింది. లైసెన్సు ఖర్చు తగ్గడం ఒక లాభం. ఆ సాఫ్ట్‌వేరును విప్పి, మలయాళానికి, తమ పాఠ్యపుస్తకానికి అనువుగా మార్చుకునే చనువు ఉపాధ్యాయులకు దక్కడం అంతకంటే పెద్ద లాభం. 2017లో ఆ పథకం కైట్ అనే సంస్థగా మారింది. మరుసటి ఏడు లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల జట్లు ఏర్పడి యంత్రాల సంరక్షణ కూడా నేర్చుకున్నాయి. కేరళలో అన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనడం లేదు. కాని అక్కడ బదిలీపై ఒకరు వెళ్తే విద్య వెళ్లిపోదు. పక్క గదిలో అది తెలిసిన మరొకరుంటారు.

దూరదేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. పిల్లకో ల్యాప్‌టాప్ అన్న నినాదాన్ని పెరూ, ఉరుగ్వే రెండూ అందుకున్నాయి. పెరూ ఎనిమిది లక్షలకు పైగా యంత్రాలు పంచింది. 2012లో 319 పాఠశాలలమీద వెలువడిన అధ్యయనంలో గణితంలో, భాషలో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదు. 2007లో ప్లాన్ సెయిబల్ మొదలుపెట్టిన ఉరుగ్వే, యంత్రం పంచడంతో ఆగకుండా, తోటి ఉపాధ్యాయులకు తోడుగా నిలిచే సహాయక ఉపాధ్యాయులను బడుల్లో పెట్టుకుంది. ఇంగ్లీషు టీచర్ల కొరత ఉన్నచోట దూరాన ఉన్న టీచరు తెరమీద, స్థానిక టీచరు తరగతిలో ఉండి ఇద్దరూ కలిసి పాఠం నడిపే ఏర్పాటు 2012లో వచ్చింది. ఇద్దరి నడుమ ఆ వారం పాఠం గురించి ముందస్తు సంప్రదింపు ఆ ఏర్పాటులో భాగం. ఆ సంప్రదింపుకు కేటాయించిన సమయమే అసలు పెట్టుబడి అని నా నమ్మకం.

ఇప్పుడు మన వర్తమానానికి వస్తాను. కోవిడ్ వల్ల బడులు మూతబడినప్పుడు, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానెల్ ఆ పని చేసింది. టీవీ లేని ఇంటి పిల్లవాణ్ణి టీవీ ఉన్న ఇంటికి జతచేసి, వర్క్‌షీట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ఉపాధ్యాయులు ఈ సభలో ఉన్నారు. వారిలో చాలామందికి ఎవరూ ఆ పని అప్పగించలేదు, శిక్షణ ఇవ్వలేదు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ ప్రారంభమైంది. సుమారు 4.6 లక్షల మంది విద్యార్థులకు, 59 వేల మంది ఉపాధ్యాయులకు అవి అందాయి. 2023 నుంచి పై తరగతులకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు బిగించారు. ఇంత పెద్ద ఖర్చు బడిమీద పెట్టిన సందర్భాలు మన చరిత్రలో తక్కువ. మొత్తం దేశాన్ని చూస్తే, 2023–24 యూడైస్ లెక్కల ప్రకారం పనిచేసే కంప్యూటరున్న బడులు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. మన తెలుగు బడుల్లో చాలావాటికి యంత్రం లేదన్న ఫిర్యాదు క్రమంగా తీరిపోతోంది. ఇక మిగిలినది కష్టమైన పని.

ఆ కష్టం ఎంతటిదో పిల్లలే చెబుతున్నారు. 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి ఫోన్ వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. ఫోన్ నొక్కడం నేర్పవలసిన అవసరం బడికి లేదు. తెరతో ఏం చేయడం చదువో చూపించడం బడి పని.

మరి బడిలో యంత్రాన్ని అన్నిటికంటే ఎక్కువగా దేనికి వాడుతున్నాం? నిజాయతీగా చెప్పుకుందాం. మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కించడానికి. ముఖం చూపి హాజరు వేయడానికి. గుడ్ల సంఖ్య, చిక్కీల సంఖ్య, బూట్ల కొలతలు నమోదు చేయడానికి. ఈ పనుల్లో కొన్ని అవసరమైనవే. పిల్లల భోజనానికి జవాబుదారీ ఉండవలసిందే. అయితే ఒక ప్రధానోపాధ్యాయురాలు పొద్దున తొమ్మిది నుంచి సర్వర్ తెరుచుకుంటుందా లేదా అని చూస్తూ కూర్చుంటే, ఆమె మనసులో సాంకేతికత అనే మాటకు ఏ అర్థం స్థిరపడుతుంది? పైవారికి కనిపించడం, గడువులోపు పంపడం, ఎర్రరంగు జాబితాలో పేరు రాకుండా చూసుకోవడం. సమాచారం బడి నుంచి పైకి మాత్రమే ప్రవహిస్తోంది. మా బడిలో ఏడో తరగతి పిల్లలు భిన్నాల దగ్గర ఎందుకు ఆగిపోతున్నారో చూపే రూపంలో అది తిరిగి కిందికి రావడం అరుదు. యంత్రం దగ్గర విధేయత నేర్చినవారిని యంత్రానికి నాయకత్వం వహించమని ఒక్కసారిగా అడగలేం.

నాయకత్వం అన్న మాట మన దగ్గర సభల్లో ఎక్కువగా, బడిలో తక్కువగా వినపడుతుంది కనుక, దాన్ని బడి భాషలో చెప్పే ప్రయత్నం చేస్తాను. ప్యానెల్ బిగించిన మరునాడు దాన్ని ఎలా వాడాలని అడిగితే అప్పటికే ప్రశ్న తారుమారైంది. మా పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారన్నది మొదటి ప్రశ్న కావాలి. అర్ధవృత్తంలో కోణం ఎప్పుడూ లంబకోణమేనని తొమ్మిదో తరగతి పిల్లవాడు బట్టీపట్టి చెబుతాడు, నమ్మడు. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేరులో బిందువును వేలితో జరిపి, అది వృత్తం వెంట ఎక్కడికి వెళ్లినా కోణం మారకపోవడం చూస్తే నమ్ముతాడు. ఎందుకు మారదని అడుగుతాడు. అక్కడ తెర పనికొచ్చింది. అయస్కాంతం పాఠానికి వీడియో చూపడం దండగ. కాగితంమీద ఇనుపరజను పోసి కింద అయస్కాంతం జరిపితే ఆ బలరేఖలు వాడి చేతుల్లోనే ఏర్పడతాయి. ఇక్కడ తెర వద్దు అని చెప్పగల ధైర్యం కూడా నాయకత్వమే. రోజుకు ఇన్ని గంటలు ప్యానెల్ వెలగాలని, వెలిగిన గంటలనే పాఠంగా లెక్కించే చోట ఆ ధైర్యం బతకదు.

రెండో సంగతి కాస్త ఇబ్బందికరమైనది. ప్రధానోపాధ్యాయులలో అత్యధికులు యాభై దాటినవారు. సీనియారిటీ ప్రకారం పదోన్నతి వచ్చేసరికి అంత వయసు అవుతుంది. బడిలో యంత్రం బాగా తెలిసినవారు కొత్తగా డీఎస్సీలో వచ్చిన పాతికేళ్ల సెకండరీ గ్రేడ్ టీచరు కావచ్చు. మన మర్యాదల ప్రకారం పెద్దవారు చిన్నవారి దగ్గర అందరి ఎదుట నేర్చుకోవడం నామోషీ. నిజానికి ఆ నామోషీని దాటిన క్షణమే బడి మారడం మొదలవుతుంది. "అమ్మా, ఈ పాఠం నువ్వు తెరమీద చెప్పేటప్పుడు నేను వెనక బెంచీలో కూర్చుంటాను" అని ఒక పెద్దాయన అన్నాడంటే, ఆ మాట స్టాఫ్ రూములో అందరికీ అనుమతి ఇచ్చినట్టే. ఆయనకు సాఫ్ట్‌వేరు రానవసరం లేదు. మంచి పాఠం ఏదో గుర్తుపట్టడం రావాలి. ముప్పై ఏళ్ల తరగతి అనుభవం అందుకే పనికొస్తుంది. యంత్రం తెలిసిన యువతికి, పాఠం తెలిసిన పెద్దకు టైంటేబుల్‌లో ఒకే ఖాళీ పిరియడ్ దొరికేలా చూడటం ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉన్న పని; దానికి ఏ నిధులూ అక్కర్లేదు.

నిధుల మాట వచ్చింది కనుక అదీ చెప్పాలి. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 25 వేల రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, పారిశుధ్యం, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. అది కూడా సకాలంలో రావాలి. లక్షల విలువైన ప్యానెల్ పెట్టిన బడికి దాని కేబులు మార్చుకునేందుకు విడిగా పైసా లేకపోతే, వారంటీ తీరిన రోజే దాని పాఠమూ తీరిపోతుంది.

ఇక ఈ నాయకత్వ విద్యను ఎక్కడ నేర్పుతున్నాం? ప్రధానోపాధ్యాయుల శిక్షణలో సర్వీసు నిబంధనలు, ఆర్థిక నిబంధనలు, క్రమశిక్షణ చర్యల విధానం గట్టిగా చెబుతారు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలూ వాటిమీదే. 2012లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికి, ప్రధానోపాధ్యాయుడికి ఏటా యాభై గంటల నిరంతర వృత్తి శిక్షణ ఉండాలంది. 2017 నుంచి దీక్ష ఆన్‌లైన్ వేదిక ఉంది, దాని ద్వారా కోర్సులు నడుస్తున్నాయి. మంచిదే. అయితే తెరమీద కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ డౌన్‌లోడు చేసుకోవడం ఎంత తేలికో మనందరికీ తెలుసు. ఒక చేత్తో వీడియో నడిపిస్తూ మరో చేత్తో జీతాల బిల్లు చేసుకోవచ్చు. నాయకత్వం తోటి బడికి వెళ్లి, తోటి ప్రధానోపాధ్యాయుడి తరగతుల్లో కూర్చుని, సాయంత్రం దాకా మాట్లాడుకుంటే వస్తుంది. ఆపెప్ కేంద్రాల్లో ఉపాధ్యాయులకు దక్కినది అదే. ప్రధానోపాధ్యాయులకు అలాంటి చోటు మనం ఎన్నడూ ఏర్పాటు చేయలేదు. పోస్టులు ఖాళీగా ఉండి, ఒకరే రెండు మూడు బాధ్యతలు అదనపు చార్జితో మోసే రోజుల్లో ఆ ఊహే విలాసంలా తోచింది.

ఈ సభలో విద్యాశాఖ అధికారులు కూడా ఉన్నారు. వారికి మూడు మనవులు చేసి ముగిస్తాను. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సగం పూటను సర్క్యులర్ల నుంచి విడిపించి, ఒక బడిలో ఒక పాఠాన్ని అందరూ చూసి చర్చించే పూటగా మార్చండి. సర్క్యులర్లు ఎలాగూ ఫోన్‌లో వస్తున్నాయి. కొత్త యంత్రం పంపిన ప్రతిసారి, దాని విలువలో ఒక నిర్ణీత భాగాన్ని మరమ్మతులకు, ప్రధానోపాధ్యాయుల పరస్పర సందర్శనలకు ఆ బడి పేరిటే విడుదల చేయండి. మూడోది ఖర్చు లేనిది. పాఠం చెప్పే క్రమంలో పాడైన పరికరానికి ప్రధానోపాధ్యాయుడి నుంచి గాని, ఉపాధ్యాయుడి నుంచి గాని వసూలు ఉండదని, చార్జి అప్పగింతలో దాన్ని లోటుగా చూపరాదని ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. ఈ మూడింటిలో ఒక్కటే సాధ్యమైతే మూడోదానితో మొదలుపెట్టండి.